చువ్వ పట్టినవాళ్ళదే మాట

“మేకుకి సువ్వ నేదు,” అన్నాడు నరసింగరావు, మూడోసారి.

మొదటిసారి అన్నప్పుడు అడిగినట్టుంది. రెండోసారి విసుక్కున్నట్టుంది. ఈసారి మాత్రం ఇంట్లో ఉన్న నలుగురి మొహాలూ వరసగా చూస్తూ అన్నాడు.

స్టీల్ ప్లాంటు పక్కన క్యాంప్ వన్‌లోని ఆ రెండు గదుల ఇంట్లో మూరెడు ఇనప చువ్వ దాక్కోవడానికి చోటెక్కడిది? నూకాలమ్మ మంచం కింద చీపురు పెట్టి లాగింది. కొడుకు రాజాబాబు కూలర్ వెనక చెయ్యి పెట్టి తడిమాడు. కోడలు వాసవి బియ్యం డబ్బా జరిపి చూసింది. రుఆబాంధాలో తన ఇంటి నుంచి పొద్దున్నే స్కూటీ మీద దిగిన కూతురు సత్యశ్రీ మాత్రం గుమ్మంలో నిలబడి అందరికంటే ఎక్కువ కంగారు పడుతోంది. ఎక్కడా వెతకడం లేదు.

వెతకాల్సిన అవసరం ఆమెకు లేదు. చువ్వ ఆమె భుజాన వేలాడుతున్న సంచీలో, గొడుగు పక్కన, పాత తువ్వాలు చుట్టుకుని ఉంది.

“రాత్రి నేనే తుడిచి మేకుకి తగిలించాను మామయ్యా,” అంది వాసవి.

“అయితే దానికి కాళ్ళొచ్చాయి కాబోలు,” అంది సత్యశ్రీ.

అన్నాక గానీ తట్టలేదు, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుందని. నూకాలమ్మ మంచం కింద నుంచి తల పైకెత్తింది. ముందు కూతురి మొహం చూసింది. తర్వాత సంచీ చూసింది. మళ్ళీ చీపురు అందుకుంది. ఆవిడ తిడితే ఫరవాలేదు, ఊరుకుంటేనే భయం.

“చలో నాన్నా, లేటైపోతోంది,” అన్నాడు రాజాబాబు. “ఉమేష్ భయ్యా ఏడున్నరకి రమ్మన్నాడు. చువ్వ లేకపోతే స్క్రూడ్రైవర్ ఉంది కదా.”

“సువ్వా స్క్రూడ్రైవరూ ఒకటేట్రా?” అని నరసింగరావు గొణిగాడు గానీ చెప్పులు వేసుకున్నాడు.

ఈ హడావిడంతా మట్టి తవ్వే ఒక పాత ఎక్స్‌కవేటర్ కోసం. రాజాబాబు తనకున్న ఒక్క టిప్పరూ అమ్మేశాడు. వానలు పడేలోగా దుర్గ్ వైపు రెండు చెరువుల్లో పూడిక తీసే పని దొరికింది. చరోదా అవతల ఉమేష్ యార్డులో పన్నెండేళ్ళు పనిచేసిన మిషన్ ఒకటి అమ్మకానికుంది. అది మంచిదైతే ఇల్లు నిలబడుతుంది. కాకపోతే టిప్పరూ పోయినట్టే, మిషనూ పోయినట్టే. మంచిదో కాదో చెప్పాల్సింది నరసింగరావు. ముప్ఫై నాలుగేళ్ళు స్టీల్ ప్లాంటులో భారీ బళ్ళ రిపేరు షాపులో ఫిట్టరుగా చేసినవాడు.

ఆ చువ్వ అతని సొంత తయారీ. ఒక కొస మిషన్‌కి ఆనించి, రెండో కొసనున్న కర్ర బుడిపె చెవికి ఆనించుకుంటే, డాక్టరుకి గుండె వినిపించినట్టు లోపలి చప్పుడు వినిపిస్తుంది. షాపులో ఒక కట్టుబాటు ఉండేది. చుట్టూ పదిమంది చేరినా చువ్వ పట్టినవాళ్ళదే మాట. లేకపోతే పదిమందీ పది రోగాలు చెబుతారు, మిషన్ షాపు దాటదు.

కానీ నరసింగరావుకు ఎడమ చెవి ఎప్పుడో పోయింది. కుడి చెవి సగం పోయింది. ఆ ఇంట్లో ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవ్వరూ పైకి అనరు. అతనూ ఒప్పుకోడు.

అందరికంటే ముందు తెలిసింది సత్యశ్రీకి. ఆమెకు ఎనిమిదేళ్ళప్పుడు, ఆదివారాలు సందు చివర ఎవరిదో ట్రాక్టరో జీపో రిపేరుకొస్తే, నాన్న బుడిపె ఆమె చెవికి ఆనించి కళ్ళు మూసుకునేవాడు. “ఏటి ఇనిపిస్తంది, సెప్పు తల్లీ,” అనేవాడు. గరగర అంటే ఒకటి విప్పేవాడు, టకటక అంటే ఇంకోటి విప్పేవాడు. నరసింగరావు చెవి పాము చెవి అని క్యాంపంతా చెప్పుకునేవారు. ఆ పాము చెవి ఎవరిదో తండ్రీకూతుళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు.

ఇప్పుడామె పవర్ హౌస్ దగ్గర మిషన్ల స్పేర్ పార్టుల కొట్లో కౌంటరు చూస్తుంది. బోల్టు చేత్తో పట్టుకుంటే ఏ మిషన్‌దో చెబుతుంది. అలాంటిది, పోయిన ఆదివారం ఆమె కళ్ళముందే నాన్న ఆ చువ్వ వాసవి చేతికిచ్చాడు. వాసవి తండ్రి చరోదా రైల్వేలో డీజిల్ ఫిట్టరు, పిల్లకి చప్పుళ్ళు తెలుసు. “ఇను తల్లీ,” అన్నాడు కోడలితో. చువ్వ ఇచ్చినందుకు కాదు, ఆ తల్లీ అన్న మాటకే సత్యశ్రీ వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

రాజాబాబు తోలుతున్న జీపులో నరసింగరావు ముందు కూర్చున్నాడు. వెనక సత్యశ్రీ, వాసవి. దారిలో వాసవి ముందుకి వంగి, పాఠం ఒప్పజెప్పినట్టు, అతనికి కనిపించేలా పిడికిలితో అరచేతి మీద కొట్టి చూపించింది. లోపల దెబ్బ తగులుతోందని చెప్పడానికి షాపులో వాడే సైగ అది. నరసింగరావు తల ఊపి, అరచెయ్యి బల్లపరుపుగా చాచి అటూ ఇటూ జరిపాడు. నున్నగా తిరుగుతోందని ఆ సైగకి అర్థం.

సైగలు కూడా నేర్పేశాడన్నమాట, అనుకుంది సత్యశ్రీ. కిటికీలోంచి బయటికి చూస్తూ, కాలితో సంచీని సీటు కిందకి తోసింది.

ఉమేష్ మిషన్‌ని రేకుల షెడ్డు కింద పెట్టి, పసుపు రంగు కొత్తగా కొట్టించి, బకెట్టుకి బంతిపూల దండ కూడా వేశాడు.

“పెళ్ళికొడుకులా ఉంది, చాచాజీ,” అన్నాడు హిందీలో.

నరసింగరావుకు ఆ మాట అందలేదు. దండ వైపు చూడను కూడా లేదు. తిన్నగా క్యాబిన్ ఎక్కి పెడళ్ళు చూశాడు. వాటి మీద రబ్బరు అరిగి ఇనుము బయటపడింది. మీటరు మాత్రం మిషన్ నిన్నో మొన్నో పుట్టినట్టు చూపిస్తోంది.

“మీటరు అబద్దమాడతాది గానీ పెడలు ఆడదు,” అన్నాడు దిగుతూ. “అయినా వయసుదేటుంది, నాకు మాత్రం రానేదా. గుండె, నడుం బాగుంటే సాలు.”

గుండె అంటే ఇంజను. నడుమంటే, కింది పట్టాల మీద పై భాగమంతా గిర్రున తిరిగే పెద్ద పళ్ళ చక్రం. ఆ చక్రం ధర చెబితే కౌంటరు దగ్గర మగాళ్ళు మంచినీళ్ళు అడగడం సత్యశ్రీ చాలాసార్లు చూసింది. గట్టు మీద, నిండు బకెట్టుతో ఉండగా నడుం విరిగి ఒరిగిపోయిన మిషన్ సంగతీ ఆ కౌంటరు దగ్గరే విన్నది. ఆ ఆపరేటరు మళ్ళీ కొట్టుకి రాలేదు.

ఆమె ఇంజను మూత మీద చెయ్యి వేసింది. వెచ్చగా ఉంది. నాన్న భుజం తట్టి, అతని కుడి చెవి దగ్గర నోరు పెట్టింది.

“నాన్నా, పొద్దున్నే ఒకసారి నడిపేశాడు. చల్లటి ఇంజనైతే పొగ బయటపడుతుందని.”

నరసింగరావు కూడా చెయ్యి ఆనించాడు. మొహం వెలిగింది. “సూసినావా, నా కూతుర్ని మోసం సెయ్యలేవు,” అన్నాడు ఉమేష్‌తో. ఉమేష్ పళ్ళికిలించాడు.

సత్యశ్రీకి ఆ ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. కానీ అది ఎంతోసేపు నిలవలేదు.

“మామయ్యా, అయితే గంటసేపు ఆగుదాం,” అంది వాసవి, చేతి గడియారం చూపిస్తూ. “చల్లారాక మన ఎదురుగానే స్టార్ట్ చేయిద్దాం.”

“అదీ బుద్దంటే,” అన్నాడు నరసింగరావు.

జబ్బు కనిపెట్టింది ఒకరు, మెప్పు కొట్టేసింది ఇంకొకరు. సత్యశ్రీ దూరంగా పోయి పాత టైరు మీద కూర్చుంది. టీ వచ్చింది. నరసింగరావు బిస్కెట్టు విరిచి సగం వాసవి చేతిలో పెట్టాడు. టెన్త్ చదివే కూతురుంది సత్యశ్రీకి, వచ్చే నెలకి నలభై నిండుతాయి. అయినా అర బిస్కెట్టు దగ్గర ఆమె ఒళ్ళంతా భగ్గున మండింది.

రాజాబాబు వచ్చి పక్కన నిలబడ్డాడు.

“అక్కా, నీ ప్రాబ్లం ఏంటి?”

“నాకేం ప్రాబ్లం?”

“పొద్దుట్నించీ చూస్తున్నా. వాసవి ఏం మాట్లాడినా నువ్వు పుల్ల విరిచినట్టే మాట్లాడుతున్నావు.”

“మీ ఆవిడని ఏమన్నా అన్నానా?”

“అనడం లేదు. అదే బాగాలేదు.” గ్లాసులో మిగిలిన టీ పారబోశాడు. “చూడు అక్కా, ఈ వారం తప్పిస్తే నువ్వు రెండు నెలలకోసారి వస్తావు. నాన్నకి పక్కన ఎవరో ఒకరు ఉండాలి కదా, వినడానికి.”

“ఎవరో ఒకరా?”

“నా మాట అది కాదు...”

“ఎవరో ఒకరేనా రాజా, నేను అన్నేళ్ళు?”

అక్కడ ఉమేష్ ఇంజను మూత మీద చెయ్యి వేసి, చల్లారిందని కేకేశాడు.

చల్లటి ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. నల్లగా కొంచెం పొగ కక్కి సర్దుకుంది. నరసింగరావు గొట్టం దగ్గర రుమాలు పట్టి చూసి తల ఊపాడు. గుండె బాగుంది.

ఇక నడుం. ఉమేష్ క్యాబిన్‌లో కూర్చుని పై భాగాన్ని మెల్లగా తిప్పడం మొదలుపెట్టాడు. వాసవి పట్టాల మధ్య వంగి, కింది ఫ్రేముకి పొడుగాటి స్క్రూడ్రైవర్ ఆనించి, పిడిని చెవి పక్క ఎముకకి అదిమి పట్టింది. ఒక చుట్టు అయింది. రెండో చుట్టు అయింది. లేచి మామగారి ఎదుటికొచ్చి పిడికిలితో అరచేతి మీద ఒక్కసారి కొట్టింది. తర్వాత మిషన్ పొడుగాటి చెయ్యి, బూమ్, నేరుగా ముందుకొచ్చే చోటు వేలితో చూపించింది.

రాజాబాబు మొహం పాలిపోయింది. ఎక్కువగా తవ్వేది ముందువైపే, అరిగేదీ అక్కడే.

“రెండుసార్లూ అక్కడేనేటి?” అడిగాడు నరసింగరావు. వాసవి తల ఊపింది.

“గ్రీజు లేక అలా అంటోంది, చాచాజీ,” అన్నాడు ఉమేష్ క్యాబిన్‌లోంచి.

నరసింగరావు చెయ్యెత్తి తిప్పడం ఆపమన్నాడు. ఒద్దని చెప్పడానికి నోరు తెరవబోతున్నాడు. కోడలి మాట మీద, ఒక్క కోడలి మాట మీద, తండ్రి మిషన్‌ని కాదనబోతున్నాడు. ఒకప్పుడు తన మాట మీద కాదన్నట్టే.

సత్యశ్రీ జీపు దగ్గరికి నడిచింది.

“నాన్నా, ఇదిగో,” అంటూ తిరిగొచ్చింది. “సీటు కిందే ఉంది చువ్వ.”

తప్పిపోయిన పిల్ల దొరికినట్టు నరసింగరావు దాన్ని రెండు చేతులా అందుకున్నాడు. తుడిచాడు. వాసవి చెయ్యి చాచబోయింది.

“స్క్రూడ్రైవర్ పిడి వదులుగా ఉంటే అదే టక్ మంటుంది,” అంది సత్యశ్రీ గట్టిగా, తండ్రికి వినిపించేలా. “నేను వింటాను, ఇలా ఇవ్వండి.”

అతను ఒకసారి కోడల్ని చూశాడు, ఒకసారి కూతుర్ని చూశాడు. చువ్వ కూతురి చేతిలో పెట్టాడు.

ఇరవయ్యేళ్ళయింది ఆ బుడిపె చెవికి తగిలి. కర్ర అలాగే నున్నగా ఉంది. ఉమేష్ మళ్ళీ తిప్పాడు. లోపల ఇనుము మీద ఇనుము దొర్లే చప్పుడు, విసుర్రాయిలాగ, హాయిగా. బూమ్ పక్కకి వెళ్ళింది, వెనక్కి వెళ్ళింది, ముందుకొచ్చింది.

టక్.

స్పష్టంగా వినిపించింది. వాసవి చెప్పిన చోటే. రెండో చుట్టులోనూ అక్కడే. గ్రీజు లేని చప్పుడు కాదది. పన్ను విరిగిన చప్పుడు.

ఆమె లేచి నిలబడింది. ఎదురుగా నాన్న ఆమె చేతుల వైపే చూస్తున్నాడు, నోరు కొంచెం తెరుచుకుని. పక్కన వాసవి. ఇప్పుడు పిడికిలితో అరచేతి మీద కొట్టిందంటే కోడలి చెవే గెలుస్తుంది. ఇక ఆ చువ్వ ఎప్పటికీ కోడలిదే.

సత్యశ్రీ అరచెయ్యి బల్లపరుపుగా చాచి అటూ ఇటూ జరిపింది.

నోటితో అబద్ధం ఆడే శ్రమ కూడా పడలేదు.

“వదినా, ఇంకొక్కసారి వినండి,” అంది వాసవి.

“మీ చరోదాలో ఎలాగో నాకు తెలీదు. మా షాపులో చువ్వ పట్టినవాళ్ళదే మాట.”

ఆ మాటలు వినిపించకపోయినా, నరసింగరావుకు అంతా అర్థమైనట్టే ఉంది. కోడలి తల నిమిరి, “పోన్లెమ్మా, నేర్సుకుంతావు,” అన్నాడు. రాజాబాబు అక్కని భుజాల దగ్గర పట్టుకుని ఊపేశాడు. ఉమేష్‌కి బయానా ఇచ్చేశారు. మిగతాది రేపు పదకొండింటికి, మిషనూ అప్పుడే.

ఇంటికొచ్చేసరికి ఎండ మండిపోతోంది. నరసింగరావు భార్యకు కథంతా చెప్పాడు, ఇంజను వేడి సంగతి రెండుసార్లు చెప్పాడు. నూకాలమ్మ విని, “సువ్వ జీపులో దొరికిందేటి?” అంది.

“సీటు కింద,” అన్నాడు రాజాబాబు.

“ఊఁ,” అంది నూకాలమ్మ, కూతురి సంచీ వైపు చూడకుండా. చూసినా బాగుండేది.

“అమ్మా, ఇంకోటి,” అన్నాడు రాజాబాబు. “ఆపరేటర్ దొరకలేదు. సీజన్ కదా. మొదటి నెల నేనే కూర్చుంటా. ఎల్లుండి నుంచే గట్టు మీద పని.”

సత్యశ్రీ అక్కడ కూర్చోలేకపోయింది. మంచినీళ్ళకని వంటగదిలోకి వెళ్ళింది. అక్కడ వాసవి బెండకాయలు తరుగుతోంది. తల ఎత్తలేదు.

“వదినా, బూమ్ ముందుకొచ్చినప్పుడు మీరు కళ్ళు గట్టిగా మూసుకున్నారు. రెండుసార్లూ.”

సత్యశ్రీ గ్లాసు పట్టుకుని తేలు కుట్టిన దొంగలా నిలబడింది.

“అయితే వెళ్ళి మీ మామయ్యకి చెప్పు.”

“నేను చెప్పను. నా మాట నమ్మితే మీరు అబద్ధం చెప్పినట్టు ఆయనకి తెలుస్తుంది. ఆయన తట్టుకోలేరు.” కత్తి పక్కన పెట్టింది. “మిషన్ మీద కూర్చునేది నా మొగుడు. మీ తమ్ముడు. రేపు పదకొండు వరకూ టైముంది.”

“నన్ను బెదిరిస్తున్నావా?”

“లేదు వదినా. బతిమాలుతున్నా.” ఇప్పుడు తలెత్తింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. “పోయిన ఆదివారం చువ్వ నాకిచ్చినప్పుడు మీరు విసురుగా వెళ్ళిపోయారు. తర్వాత మామయ్య ఏమన్నారో మీరు వినలేదు. కౌంటర్లో నిలబడి నిలబడి సత్తికి కాళ్ళు వాచిపోతున్నాయి, మళ్ళీ దాన్ని ఈ గ్రీజులోకి దింపనేను, నువ్వు నేర్సుకోమ్మా అన్నారు.”

సత్యశ్రీ గ్లాసు కింద పెట్టింది. నీళ్ళు తాగలేదు.

ముందు గదిలోంచి నాన్న కేక. “సత్తీ, ఇలగ రా.”

నరసింగరావు కూలర్ పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. ఒళ్ళో చువ్వ ఉంది. చాలా ఏళ్ళ తర్వాత అతని మొహంలో ఆ ఆదివారాల సంబరం కనిపించింది.

“ఇది నీకాడే ఉండనీ,” అన్నాడు. “ఇంక నీదే. కోడలికి ఇంకోటి సేసిస్తాను.”

వారం నుంచి ఆమె ఏడ్చింది దేనికోసమో అది కోరకుండానే ఒళ్ళోకి వచ్చిపడింది. పుచ్చుకోవడానికి చేతులు రాలేదు. అతనే ఆమె చెయ్యి లాగి కింద కూర్చోబెట్టాడు. చువ్వ కొస కూలర్ మోటారుకి ఆనించి, బుడిపె ఆమె చెవికి పెట్టి, అలవాటుగా కళ్ళు మూసుకున్నాడు.

“ఏటి ఇనిపిస్తంది, సెప్పు.”

మోటారు మెత్తగా తిరుగుతోంది. ఏ జబ్బూ లేదు. గుమ్మంలో తమ్ముడు నవ్వుతూ నిలబడ్డాడు. అతని వెనక వాసవి. మంచం మీద అమ్మ.

“టక్ మంది నాన్నా,” అంది సత్యశ్రీ. గొంతు తనకే సరిగ్గా వినపడలేదు. “కూలర్ కాదు. పొద్దున మిషన్. నాకూ వినిపించింది.”

గుమ్మంలో నవ్వు ఆగింది. రాజాబాబు ఏదో అడగబోతే వాసవి అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

నరసింగరావు కళ్ళు తెరిచాడు. కూతురి చెంపల మీద తడి చూశాడు, కదిలి ఆగిన పెదాలు చూశాడు. వెనక్కి తిరిగి మిగతావాళ్ళ మొహాలు చూశాడు. అందరికీ అందినదేదో తన ఒక్కడికే అందలేదని తెలిసింది. ఎప్పుడూ అలాంటప్పుడు తల ఊపేసి ఊరుకునేవాడు.

ఈసారి ఊపలేదు. చువ్వ పక్కన పెట్టి, కుడి చెవి వెనక అరచెయ్యి పెట్టుకుని, ఆమె వైపు వంగాడు.

“గట్టిగా సెప్పు తల్లీ,” అన్నాడు అందరి ముందూ. “నాకు ఇనిపించదు.”